జర్మనీలో పడ్డ మా జీడిపిక్కలు

ముందుగా ప్రమాణం. నూకాలమ్మ తల్లి మీద ఒట్టు, నాకు కూడు పెడుతున్న జెరాక్సు మెషీను మీద ఒట్టు. ఎడమ చెయ్యి ఆ మెషీను మూత మీద పెట్టి కుడి చేత్తో రాస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నర్సీపట్నంలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే ఆగి నవ్వుకుంటారని తెలుసు. వాళ్ళ అనుమానం న్యాయమైనదే. దొంగ వీలునామా పెడితే మా మెషీను తెల్లకాగితం కక్కిందని చెప్పినవాడిని నేనే. కొయ్యూరు ఎగువన ఒక ఎలుగుబంటి నా మోపెడ్ ఆపి లిఫ్టు అడిగిందని చెప్పినవాడినీ నేనే. అయినా ఒట్టు ఒట్టే. ఎక్కడైనా చెయ్యి జారి ఉంటే చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నా షాపు కోర్టు గేటుకి ఎదురుగా ఉంటుంది. జెరాక్సు, టైపింగు, బైండింగు. ప్లీడర్లు పెద్ద పెద్ద తీర్పులు తెచ్చి, మధ్యలో రంగు చీటీలు అంటించి, "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా తియ్యి" అంటారు. ఏ పేజీలు కావాలో జడ్జిగారికి తెలుస్తుంది. ఏ పేజీలు వద్దన్నారో నాకొక్కడికే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి చూసి ఒక సంగతి కనిపెట్టాను. చీటీ అంటించిన చోటు దాటగానే, తరవాతి పేజీ మొదట్లో, ఎప్పుడూ ఇంగ్లీషులో "అయితే" అని ఉంటుంది. ఆ "అయితే" అన్న పేజీని డబ్బులిచ్చి జెరాక్సు తీయించుకున్న ప్లీడరుని నేను చూడలేదు. అందుకే నాకు సగం కాగితాల మీద అనుమానం. దూరం నుంచి వచ్చిన కాగితమైతే మరీ అనుమానం. పక్క ఊరి తీర్పైతే ఎవరో ఒకరు వెళ్ళి చూసి వస్తారు. సముద్రం అవతలి తీర్పుకి ఎవరు వెళ్తారు?

ఈ అనుమానం నా ఇంటిదాకా వచ్చింది, మా మేనకోడలి మీద దొంగతనం కేసు పడినప్పుడు.

మా అప్ప, అంటే మా అక్క, మాకవరపాలెం అవతల ఒక ఊళ్ళో ఉంటుంది. ఆవిడకి జీడితోట ఉంది. తోట పక్కనున్న మెరక భూమిని విశాఖపట్నం నుంచి వచ్చిన రిటైరైన ఆఫీసరు ఒకాయన కొన్నారు. రాతి స్తంభాలు పాతి, ముళ్ళకంచె లాగి, మధ్యలో ఎర్ర పెంకుల ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో అందరూ పెద్దాయన అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. మా అప్ప చెట్ల కొమ్మలు ఆ కంచె మీంచి ఆయన స్థలంలోకి వంగి ఉంటాయి. ఎండాకాలం పళ్ళు రాలతాయి. చెట్టుకి సరిహద్దు తెలియదు కాబట్టి కొన్ని ఇటు, కొన్ని అటు.

అప్ప కూతురు అంగన్‌వాడీ టీచరు. ఒక ఉదయం సెంటరుకి వెళ్ళేముందు బుట్ట పట్టుకుని కంచె తీగల మధ్యనుంచి దూరి, అటు రాలిన పళ్ళన్నీ ఏరి, పిక్కలు మెలితిప్పి తీసి బుట్టలో వేసుకుంది. ఆ భూమి పాత ఆసాముల చేతిలో ఉన్నప్పుడు చిన్నపిల్లగా చేసినట్టే చేసింది. పెద్దాయన వరండాలో కూర్చుని ఫోనులో వీడియో తీశారు. మర్నాడు స్టేషనులో ఫిర్యాదు. తన స్థలంలో చొరబడి జీడిపిక్కలు దొంగిలించిందనీ, అది చాలక కుళ్ళిపోయే పళ్ళని తన కంచె మొదట్లో కుప్ప పోసి ఈగలు ముసిరేలా చేసిందనీ రాశారు. మేమందరం "దొంగిలించింది" అన్న మాట దగ్గరే మండిపడ్డాం. పళ్ళ కుప్ప అన్న మాటని మాలో ఎవరూ రెండోసారి చదవలేదు.

శిక్ష పడితే ఉద్యోగం పోతుంది. తప్పు ఒప్పుకుని కాగితం రాసిస్తే రాజీ పడతానని పెద్దాయన కబురు పెట్టారు. నేను లోకం చూసినవాడిని కదా, వెళ్ళి నచ్చజెప్పబోయాను.

"ఒక కాయితమే కదే. రాసిచ్చీ, అయిపోద్ది."

"ఏటి రాయాలి మావయ్యా? మా అమ్మ పిక్కలు నేను దొంగతనం సేసేను, సెమించండీ అనా?" అంది. "రేపు పొద్దున్న సెంటర్లో పిల్లలకి పక్కోళ్ళ పలక ముట్టుకోకూడదని ఏ మొహం పెట్టుకుని సెప్తాను?"

"ఉద్యోగం పోతే?"

"పోతే పోనీ. దొంగ టీచరమ్మ అనిపించుకుని సేసే ఉద్యోగం నాకెందుకు?"

వెనకాల అప్ప గిన్నెలు గట్టిగా పెట్టింది. "ఆయనకి పిక్కలెందుకురా తమ్ముడా? రోడ్డు పక్కనున్న మన అంచు కావాల. కేసేసి బెదిరిస్తే అమ్మీస్తామనుకుంటన్నాడు." నాకూ అదే అనుమానం. ఆ అనుమానాన్ని కొన్నాళ్ళు బాగా మేపాను.

కేసు నర్సీపట్నం కోర్టుకి వచ్చింది. మేజిస్ట్రేటు చిన్న వయసు ఆవిడ. బంట్రోతు నుంచి టీ బడ్డీ దాకా అందరం జడ్జమ్మగారు అంటాం. పెద్దాయన సర్కారు వారి ప్లీడరు సరిపోరని, కోర్టు అనుమతి తీసుకుని విశాఖ నుంచి సొంత ప్లీడరుని తెచ్చుకున్నారు. ఆయన కారు దిగి నేరుగా నా షాపుకే వచ్చారు. నేను ముద్దాయికి మేనమామనని ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. అడగనిదే చెప్పడం నాకు అలవాటు లేదు.

లావుపాటి కట్ట ఇచ్చి రంగు చీటీలు చూపించారు.

"ఎక్కడివండీ ఇవి?"

"జర్మనీవి."

"జర్మనీలో జీడితోటలున్నాయా అండీ?"

"చట్టానికి తోటతో పనేంటయ్యా? సూత్రం కావాలి," అన్నారు నవ్వుతూ. మంచి మనిషే, ఓపిగ్గా చెప్పారు. ఆ దేశంలో చెట్టు నాది, కొమ్మ నీ నేల మీదకి వచ్చింది, పండు నీ నేల మీద రాలింది అనుకో. అది నీ నేల పండించిన పండుతో సమానం. నీదే. చెట్టువాడు అడగడానికి లేదు.

నేను కాగితాలు మెషీను మీద ఒక్కొక్కటే పెడుతూ ఆలోచిస్తున్నాను. ఆ లెక్కన మా అప్ప కోడిపెట్ట వెళ్ళి ఆయన గడ్డివాములో గుడ్డు పెడితే? సరే, అది పక్కన పెట్టండి. ఇన్ని దేశాలుండగా ఈయనకి జర్మనీయే ఎందుకు దొరికింది? పెళ్ళి సంబంధానికి వాకబు చెయ్యమంటే పిల్లవాడి మేనత్త ఇంటికే వెళ్ళి అడిగి వచ్చినట్టుంది. ఇంకే గుమ్మం ఎక్కలేదా? ఎక్కి, అక్కడ విన్నది మింగేశారా?

ఆ సాయంత్రం మా ప్లీడరమ్మకి జర్మనీ సంగతి మోసేశాను. ఆవిడ కొత్తగా కోటు వేసుకున్న అమ్మాయి, భయం ఎక్కువ. ఫోను తీసి గంటసేపు వేళ్ళు ఆడించింది. చివరికి మొహం వెలిగింది. "దొరికింది అంకుల్! ఇంగ్లండులో ఇలా కాదు. పక్కవాడి స్థలంలో పడ్డా పండు చెట్టు యజమానిదే. పక్కవాడు తీసుకుంటే తప్పు వాడిదే."

అప్ప అక్కడే ఉంది. "ఏటీ? ఇంగ్లీషోడి సట్టమా?" అంది. "కృష్ణదేవిపేట పక్కన పుట్టి, దొరల మీదకి బాణం ఎత్తినోడి సమాధికి దండం పెట్టి, నా పిక్కల కోసం ఆ దొరల్నే సాచ్చికం పిలుస్తావా అమ్మా?"

"మన చట్టాలు వాళ్ళు రాసినవే కదా పెద్దమ్మా. ఇంగ్లండు మనకి పరాయి కాదు, పుట్టిల్లులాంటిది."

"పుట్టిల్లా? మన ఇంట్లోకొచ్చి మన బియ్యం తిని ఎల్లినోడిది పుట్టిల్లు ఎలగైద్ది?"

ప్లీడరమ్మ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను. నాకు అప్ప మాట కన్నా ఇంకో సంగతి గుచ్చుకుంది. మేమూ అదే పని చేస్తున్నాం. మాకు పనికొచ్చే దేశం దొరికేదాకా వెతికి, దొరకగానే ఫోను మూసేశాం. ఇంగ్లండు తీర్పులో తరవాతి పేజీ ఎలా మొదలవుతుందో మేమూ చూడలేదు.

ప్లీడరు పిల్ల దిగులుగా ఉందని మర్నాడు టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు షుగరు. మా ఆవిడ టీలో పంచదార రోజు విడిచి రోజు వేసుకోమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ రోజు పంచదార లేని రోజు. చప్పటి టీ తాగుతూ, పిల్లని నవ్వించాలని ఒకటి వదిలాను.

"జర్మనీ, ఇంగ్లండు ఎంతమ్మా, నిన్న మొన్నటివి. పూర్వం రోములో ఏం చేసేవారో తెలుసా? చెట్టువాడు పక్కవాడి నేలలోకి రోజు విడిచి రోజు వెళ్ళి, రాలిన పళ్ళు ఏరుకోవచ్చు. ఆ రోజు వాణ్ణి ఆపితే పక్కవాడిదే నేరం."

రోమునే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ రాజ్యం ఇప్పుడు లేదు. ఫోను చేసి కనుక్కోవడానికి అవతల ఎవరూ ఎత్తరు. రోజు విడిచి రోజు అన్నది మా ఆవిడ పంచదార లెక్క. అబద్ధానికి కొలతలుంటే నమ్మకం ఎక్కువ. పిల్ల నవ్వింది. నేను మర్చిపోయాను. ఆ పిల్ల మర్చిపోలేదు.

వాయిదా రోజున పెద్దాయన బోనెక్కి తన కథ చెప్పారు. వీడియో వేసి చూపించారు. తరవాత ఆ పిక్కలు అసలు ఎవరివన్న దాని మీద ప్లీడర్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. విశాఖ ప్లీడరు జర్మనీ తీశారు. మా ప్లీడరు పిల్ల ఇంగ్లండు తీసింది. వెనక బెంచీలో ఎవరో, "మళ్ళీ మొదలైందిరా యుద్ధం," అన్నారు. బంట్రోతు ఉరిమి చూశాడు.

జడ్జమ్మగారు విశాఖ ప్లీడరుని అడిగారు. "మాకవరపాలెం దగ్గర రాలిన పండు గురించి జర్మనీని ఎందుకు అడగాలండీ?"

ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే అది నా అనుమానాన్ని కాస్త కదిపింది. "అమ్మా, జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. సముద్రాలు దాటి బ్రెజిల్ నుంచి వచ్చింది. చెట్టు పరాయిదని ఎవరూ పీకి పారెయ్యలేదు. పనికొచ్చింది, ఉంచుకున్నాం. పొరుగువాళ్ళ తగాదా కూడా అన్ని దేశాల్లో ఒకటే. వాళ్ళు తరాల తరబడి తల బద్దలు కొట్టుకుని ఒక మార్గం కనుక్కుంటే, మనం మళ్ళీ మొదటినుంచి ఎందుకు తడుముకోవాలి?"

నా మనసులో, ఇది కాదనలేని మాటే అనుకున్నాను. అనుకుని, వెంటనే ఆయన చెయ్యి ఏ జేబులో ఉందో చూశాను. అలవాటు.

జడ్జమ్మగారు తలూపారు. "చూడొద్దని నేను అనను. నేనూ చూస్తాను. కానీ అక్కడ అలా ఉంది అంటే సరిపోదు. ఎందుకలా పెట్టుకున్నారో చెప్పాలి. మనకి ఆ కారణం ఉందో లేదో చెప్పాలి. అదీగాక, పండు ఎవరిదన్నది మీ జర్మనీ చెబుతుంది. ఈ అమ్మాయి మనసులో దొంగబుద్ధి ఉందా లేదా అన్నది జర్మనీ చెప్పదు. నా ముందున్న ప్రశ్న అది."

అంతలో మా ప్లీడరు పిల్లకి ఏ పూనకం వచ్చిందో, "రోములో కూడా మా వైపే ఉందమ్మా!" అని లేచింది. రోజు విడిచి రోజు సంగతి మొత్తం చెప్పేసింది.

"ఎక్కడ చదివారు?"

పిల్ల మెల్లగా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపు పట్టుకుని కోర్టంతా నా వైపు తిరిగింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను. బెంచీ కింద ఇంకా వంగడానికి చోటు లేకపోయింది.

"ఉంది," అన్నారు జడ్జమ్మగారు. "నిజంగానే ఉంది. లా కాలేజీలో చదివాను. కానీ పుస్తకం లేకుండా రోముని కోర్టుకి తేకండి."

నేను బెంచీ కిందే ఉండిపోయాను. పట్టుబడ్డ అబద్ధాలు నాకు చాలా ఉన్నాయి. నిజమని తేలిన అబద్ధం అదే మొదటిది. అబద్ధం పట్టుబడితే నవ్వేసి బయటపడొచ్చు. ఇది నిజమైపోయి కూర్చుంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

జడ్జమ్మగారు చివరికి ఒక మాట అన్నారు. "జర్మనీ అయింది, ఇంగ్లండు అయింది, రోము అయింది. ఇక్కడ జీడిచెట్ల కింద బతికేవాళ్ళు ఏం చేస్తారో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. డిఫెన్సు వారికి సాక్షి ఎవరైనా ఉంటే పై వాయిదాకి తీసుకురండి."

సాక్షి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే, బోనెక్కి చెప్పమంటే మాత్రం అందరికీ ఆ రోజే పొలంలో పని. పెద్దాయనతో విరోధం ఎందుకని కొందరు, కోర్టు మెట్టు మంచిది కాదని కొందరు. అప్ప చెబితే తల్లి కాబట్టి అలాగే చెబుతుందంటారు. నేనూ మేనమామనే గాని, ఇంకెవరూ మిగల్లేదు.

వాయిదా ముందు రోజు మేనకోడలు షాపుకి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, ఒక మాట అడుగుతాను, నవ్వకు. ఒక్క పూట, ఆ బోనులో ఉన్నంతసేపు, ఉన్నది ఉన్నట్టు సెప్పగలవా?"

"సెప్పగలనే."

"ఎలుగుబంటి రాకూడదు."

"రాదు."

"నీ మీద నాకు నమ్మకమే. నీ నోటి మీదే లేదు," అని లేచి వెళ్ళిపోయింది. అన్నేళ్ళలో నా కబుర్లకి పడీ పడీ నవ్వింది ఆ పిల్లే. ఇప్పుడు దాని బతుకు, పేరు తెచ్చి నా నోట్లో పెట్టింది. ఆ రోజు నేను తీసిన జెరాక్సులన్నీ వంకరగా వచ్చాయి. ఒట్టు.

బోనెక్కాను. దైవసాక్షిగా అంతా నిజమే చెబుతానని చెప్పించారు. బోను బయట వేసే ఒట్లు వేరు. ఇది వేరు. మా ప్లీడరమ్మ అడిగితే, రాలిన పిక్కని చెట్టువాళ్ళు ఏరుకోవడం మా వైపు ఆచారమని చెప్పాను.

విశాఖ ప్లీడరు నన్ను చూసి, "ఓహో, మీరా!" అన్నారు. ఈలోగా ఆయన నా గురించి వాకబు చేసినట్టే ఉన్నారు. "కొయ్యూరు దగ్గర ఎలుగుబంటికి మీరు లిఫ్టు ఇచ్చారట కదా?"

కోర్టు గొల్లుమంది. అడిగింది గాని నేను ఇవ్వలేదండి అన్న జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. అంత మంచి జవాబు మళ్ళీ జన్మలో దొరకదు. మేనకోడలి మొహం కనబడింది. నవ్వని మొహం అది ఒక్కటే. జవాబుని మింగేశాను.

"అది టీ బడ్డీ దగ్గర సెప్పిన కబురండి. బోనులో సెప్పలేదు."

నవ్వు ఆగింది. ఆయన కాగితాలు సర్దుకున్నారు. "మరి ఈ ఆచారం అంటున్నారే, అది ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదండి."

"అయితే మీరు చెప్పడమే తప్ప రుజువు లేదు."

అప్పుడు జడ్జమ్మగారు కలగజేసుకున్నారు. "ఆ వీడియో మళ్ళీ వెయ్యండి." వేశారు. ఈసారి ఆవిడ ఒక చోట ఆపించారు. మేనకోడలు పిక్క మెలితిప్పి బుట్టలో వేసుకుని, పండుని రెండు చేతులతో తీసుకెళ్ళి స్తంభం మొదట్లో పెడుతోంది. ఒకదాని మీద ఒకటి, మట్టి అంటకుండా, కింద ఆకు పరిచి. "ఫిర్యాదులో ఇది చెత్త అని ఉంది. చెత్తని ఎవరైనా ఆకు వేసి పెడతారా? ఏమిటిది?"

"అది ఆయన వాటా అమ్మా," అన్నాను.

వెనకనుంచి పెద్దాయన గొంతు, "వాటానా?" అంది. ప్లీడరు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

"మా వైపు అంతేనమ్మా. పిక్క సెట్టోలది. పండు ఎవరి నేల మీద పడితే ఆలది. సాయంత్రానికి పాడైపోద్ది గాని, బేగి తింటే తియ్యగుంటాది. దారిన పోయేవాడు కూడా పండు తిని పిక్క సెట్టు మొదట్లో ఒగ్గీసి ఎలిపోతాడు. పిక్క జేబులో ఏసుకుంటే దొంగ. పండు పెట్టకుండా పిక్క పట్టుకుపోతే మర్యాద తెలీనోడు. ఈ పిల్ల మర్యాద తప్పలేదమ్మా."

"ఇదంతా ఒక్క మాటలో చెప్పగలరా? రాసుకోవాలి."

"పండు నేలకి, పిక్క చెట్టుకి అండి."

జడ్జమ్మగారి కలం ఆగింది. "పాత సామెతా?"

"మా అమ్మ అలాగే సేసీదమ్మా," అన్నాను.

ఆవిడ రాసుకున్నారు.

తీర్పులో మేనకోడలు నిర్దోషి. తనదని నమ్మి, అందరి కళ్ళ ముందు, ఎదుటివాడి వాటా ఎదుటివాడికి పెట్టి తీసుకున్నదాన్ని దొంగతనం అనరని చదివారు. పరాయి దేశపు తీర్పుల గురించి కూడా నాలుగు ముక్కలు. పొరుగింటి దీపం తెచ్చుకోవడంలో తప్పు లేదు గాని, ముందు మన ఇంట్లో దీపం ఉందో లేదో చూసుకోవాలని అర్థం వచ్చేట్టు. మేనకోడలు ఏడవలేదు. బయటికొచ్చి టైము చూసుకుని, "సెంటరుకి ఎల్లాల, గుడ్లు పంచాల," అంటూ ఆటో ఎక్కేసింది.

టీ బడ్డీ దగ్గర నేను, "పండు జర్మనీకి, పిక్క ఇంగ్లండుకి ఇచ్చి జడ్జమ్మగారు రాజీ చేశారర్రా," అంటే అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు పూర్తిగా రాలేదు. జర్మనీ కాగితాలకి నేను తరవాతి పేజీ ఏదని అడిగాను. నా మాటకి తరవాతి పేజీ ఏదని ఎవరూ అడగలేదు. పనసపండు పడితే ఏం చేస్తారు? గట్టు అవతలి ఊళ్ళోనూ ఇదే పద్ధతా? కొండమీద జనం ఏమంటారు? ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే నేను ఈ ఊరి యాసలో మాట్లాడాను, మా అమ్మని తలుచుకున్నాను. పరాయి మాట గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, పేరు చెప్పి లోపలికి రావాలి. మన మాటైతే సరాసరి వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఏది ఎక్కువ ప్రమాదమో జెరాక్సు తీసుకునేవాడికి ఏం తెలుస్తుంది?

కొన్నాళ్ళకి పెద్దాయన షాపుకి వచ్చారు. చేతిలో తీర్పు కాపీ. అప్పీలుకి వెళ్తున్నారనుకున్నాను.

"ఏ పేజీలు తియ్యమంటారండీ?"

"అన్నీ తియ్యండి. వరసగా చదువుకుంటాను."

ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయనే. అప్పీలు కాదట. నా మెషీను ఆగి ఆగి తిరుగుతుంటే ఆయన నెమ్మదిగా అన్నారు. "నేను ముప్పై ఊళ్ళు తిరిగి ఉద్యోగం చేశానండీ. ఎక్కడా నాకెవరూ ఆకు వేసి పండు పెట్టలేదు. ఈగలొచ్చాయని కోపం వచ్చిందే తప్ప, ఇదేమిటని అడగాలని తోచలేదు. మీరైనా వచ్చి చెప్పలేదు." రోడ్డు పక్క అంచు మీద కన్ను వేశారన్న నా అనుమానం అక్కడే చచ్చిపోయింది. నిజానికి మేము జర్మనీదాకా వెళ్ళాం గాని, కంచెదాకా వెళ్ళలేదు.

"ఆ పండు తింటే గొంతు గీరుకుంటోందండీ," అన్నారు వెళ్ళబోతూ.

"ఉప్పు అద్దుకోండి."

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మేనకోడలు ఇప్పుడు కంచెలోంచి దూరదు. ఆయనే గేటు తీస్తారు. వరండాలో ఉప్పు గిన్నె ఉంటుందట.

ఇక ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకోలు. ఎలుగుబంటి, వీలునామా సంగతి మీకు ముందే తెలుసు. కల్పించింది ఇంకొకటి ఉంది. పండు నేలకి, పిక్క చెట్టుకి అన్న సామెత. ఆ ఆచారం నిజం, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు, మా అమ్మ చేతుల్లో చూశాను. కానీ ఆ మాటలు మా అమ్మ ఎన్నడూ అనలేదు. ఎవరూ అనలేదు. ఒక్క మాటలో చెప్పమంటే, బోనులో, చెమట తుడుచుకుంటూ, అప్పటికప్పుడు అల్లాను. పాతదా అని అడిగితే పాతదని నేను అనలేదు. కొత్తదనీ అనలేదు.

మేనకోడలు మాత్రం పట్టేసింది. "మావయ్యా, అమ్మమ్మ ఆ మాట ఎప్పుడైనా అందా?"

"లేదే."

"మరి?"

"పండు పెట్టేది. నోరు మాత్రం మెదిపేది కాదు."

మొన్న సంతలో కొయ్యూరు నుంచి వచ్చిన ఒకావిడ పిక్కలమ్ముతూ ఆ సామెత చెప్పింది, తన ముత్తాత కాలం నాటిదని. నాదే అమ్మా అన్నాను. పైనుంచి కిందిదాకా చూసి, నన్ను ఎరిగినదే కాబోలు, "ఊరుకో బాబూ, నీ కబుర్లు," అంది. రోము చట్టాన్ని నేను టీ బడ్డీ దగ్గర పుట్టించానన్నా ఇప్పుడు ఎవరూ నమ్మడం లేదు. ఎక్కడో చదివి ఉంటావు అంటున్నారు.